మబ్బు లేని వాన

మా ఇంట్లో దొంగ పడ్డాడు. వచ్చేది మిట్టమధ్యాహ్నం, ఎత్తుకెళ్ళేది ఎండ. నవ్వితే నవ్వండి, అప్పట్లో నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. మేముండేది గుట్ట మీద. కరెంటు స్తంభాలు కింద తారురోడ్డు దాకా వచ్చి, ఇంక మా వల్ల కాదన్నట్టు ఆగిపోయాయి. బోరు వేద్దామంటే కిందంతా రాయి. అందుకని కరెంటు సూర్యుణ్ణి అడిగి, నీళ్ళు మబ్బుని అడిగి తెచ్చుకుంటున్నాం. వెనకవైపు రేకుల కప్పు మీద రెండు వరసల సోలార్ పలకలు. చూరు పొడుగునా సగానికి చీల్చి బిగించిన ప్లాస్టిక్ గొట్టం. రేకుల మీద పడిన వాన అందులోకి జారి, అక్కణ్ణుంచి నిలువు గొట్టంలోంచి పెద్ద నల్ల ట్యాంకులోకి దిగుతుంది. గొట్టంలో ఆకులు అడ్డం పడితే తీయడానికి ఓ నిచ్చెన ఎప్పుడూ గోడకి ఆనించే ఉంటుంది.

ఇంత తంటా ఎందుకమ్మా, హాయిగా కిందే ఉండొచ్చుగా అంటారు. మా మావయ్య కోసం. ఆయన వయసంతా రాళ్ళ క్వారీలో డ్రిల్లింగ్ మిషన్ మీద గడిచింది. ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లో అద్దెకి దిగింది, ఎన్ని మందులు పంపినా ఖాళీ చేయదు. పగలు ఎలాగో నెట్టుకొస్తారు. రాత్రి మాత్రం ముక్కుకి సన్నటి గొట్టం పెట్టుకుని పడుకోవాలి, మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ తెల్లారేదాకా తిరగాలి. ఆ మిషన్ గాలిలోంచే ఆక్సిజన్ తీసి ఇస్తుంది. కరెంటు లేకపోతే అది ఉత్త పెట్టె.

నిరుడంతా ఆయన ఊళ్ళో మా వదిన దగ్గర, అంటే మా ఆయన అక్క దగ్గర ఉన్నారు. ఆవిడ మంచిదే. తండ్రంటే ప్రాణం. కాకపోతే ఇంటి ముందు బస్సులు, బస్సుల వెనక దుమ్ము, దుమ్ము రాకుండా ఎప్పుడూ మూసిన కిటికీలు. నాకు ఇక్కడ ఊపిరాడట్లేదు, గుట్ట మీదికి పోతానని మావయ్య మొండికేశారు. చివరికి వదిన ఒప్పుకుంది, కానీ మాట తీసుకుంది. "మిషన్ ఒక్క రాత్రి ఆగినా నాన్నని తీసుకెళ్ళిపోతా. ఆస్పత్రి మా వీధి చివరే ఉంది, మీ గుట్ట మీదికి అంబులెన్సు కూడా ఎక్కదు" అంది. అందులో తప్పు పట్టడానికేం లేదు. సరేనన్నాం.

మిషన్ ఆగింది. ఒక రాత్రి కాదు, రెండు. తెల్లవారకముందే బ్యాటరీ అయిపోయి ఇన్వర్టరు కీచుమని కూసింది. ఇంట్లో అవసరానికి పెట్టుకున్న సిలిండరు ఉంది కాబట్టి సరిపోయింది. మొదటిసారి ఎవరికీ చెప్పకుండా దాచాం. రెండోసారి మా ఆయన, సత్యసంధుడు కదా, అక్కకి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాడు. "ఆదివారం వస్తున్నా. నాన్న బట్టలు సర్ది ఉంచండి" అని ఆవిడ పెట్టేసింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. నాకు నోరు ఎక్కువ. మా ఆయనకి లేదు, రోజుకి పది మాటలు మాట్లాడితే ఆయనకి జ్వరం వచ్చినట్టే. మరి నేనెవరితో మాట్లాడను? మావయ్యతో. పొద్దున టీలో చక్కెర దగ్గర మొదలుపెడితే పడుకునేదాకా మేమిద్దరం కొట్లాడుకుంటూనే ఉంటాం. ఆయన వెళ్ళిపోతే ఆ ఇల్లు నన్ను మింగేస్తుంది. కోడళ్ళందరూ మామగారు ఊరెళ్తే పండగ చేసుకుంటారట. నేను మాత్రం ఆ ఫోన్ విన్న దగ్గర్నుంచి ఆయన్ని ఆపే దారి వెతుకుతున్నాను.

గురువారం సాయంత్రం వోల్టుని పిలిపించాం. వోల్టంటే మాకు సోలార్ బిగించిన మెకానిక్కు. అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో. చేతిలో మీటరు, నోట్లో మాటలు, రెండూ ఆగవు. బ్యాటరీ పట్టి చూశాడు, వైర్లు లాగి చూశాడు, ఇన్వర్టరు మీద చెవి పెట్టి డాక్టరులా విన్నాడు. చివరికి మా ఆయన ఫోన్లో గీత తీసి చూపించాడు. పలకల నుంచి ఎప్పుడు ఎంత కరెంటు వస్తోందో ఆ గీత చెప్తుంది. పొద్దున మెల్లగా లేస్తోంది, సాయంత్రం మెల్లగా దిగుతోంది. మధ్యలో, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, ముందుపళ్ళు ఊడిన నోరులా పెద్ద ఖాళీ.

"ఇదేంటి వోల్టూ, సూర్యుడు భోజనానికి వెళ్తున్నాడా?" అన్నాను.

"అదే నాకూ అంతు పట్టట్లేదక్కా. ఎండ బాగా ఉండే వేళే పోతోంది. రోజూ పోతోంది. గంట తర్వాత దానంతటదే వస్తోంది. ఛార్జింగ్ పెట్టెలో ఏదో వేడెక్కి ఆగుతున్నట్టుంది, సోమవారం కొత్తది తెచ్చి మారుస్తా."

"ఆదివారం మా వదిన వచ్చి మనిషినే మార్చేస్తుంది, నీ సోమవారం ఎవరికి కావాలి?"

మావయ్య మంచం మీద కూర్చుని వింటున్నారు. మామూలుగా అయితే వోల్టు నోరు విప్పగానే ఆయన అడ్డం పడాలి. ఆ రోజు తేలు కుట్టిన దొంగలా గమ్మున ఉన్నారు. వెళ్ళిపోవాల్సి వస్తుందని దిగులేమో అనుకుని నేనూ కదిలించలేదు.

నాకో జబ్బుంది. తెలియని సంగతి ఒకటి ఇంట్లో తిరుగుతుంటే ముద్ద దిగదు. ఆ రాత్రంతా అదే ఆలోచన. వేడెక్కి ఆగేదైతే ఎండ లేని రోజు ఆగకూడదు కదా? మా ఆయన ఫోన్ లాక్కుని వెనక్కి చూశాను. మబ్బు పట్టిన రోజు ఖాళీ లేదు. వోల్టు చెప్పింది నిజమే అనిపించింది. మరి సరిగ్గా అదే వేళకి రోజూ ఎందుకు వేడెక్కాలి? పెట్టెకి గడియారం ఏమన్నా కట్టామా? ఈ లెక్కన అది వస్తువు పని కాదు, ప్రాణం ఉన్నదాని పని. ఎవరో వస్తున్నారు, పని చూసుకుని వెళ్తున్నారు.

శుక్రవారం నేను అన్నం డబ్బా మర్చిపోయి పనిలోకి వెళ్ళాను. నాది గుట్ట కింద మొక్కల నర్సరీలో పని. మామూలుగా అయితే ఎండ తగ్గేదాకా పైకి రాను. ఆ రోజు ఆకలికి తట్టుకోలేక మధ్యాహ్నమే గుట్ట ఎక్కాను. చెప్పులోంచి కూడా అరికాలు కాలుతోంది. ఆకాశంలో వెతికినా మబ్బు ముక్క లేదు. కాళ్ళు కడుక్కుందామని ఇంటి వెనక్కి వెళ్ళానా, నిలువు గొట్టంలో నీళ్ళు దిగుతున్న చప్పుడు!

నిజంగానే వాన వెలిశాక చూరు కారినట్టు, సన్నటి ధార. తర్వాత ఇంకా సన్నబడి బొట్టుబొట్టుగా ట్యాంకులో పడ్డాయి. చెయ్యి పట్టాను. వేడిగా ఉన్నాయి. మబ్బులోంచి వచ్చే నీళ్ళు వేడిగా ఉండవు కదా? తల ఎత్తి చూశాను కానీ చూరు కింద నిలబడితే కప్పు మీద ఏముందో కనపడి చావదు. ఇంట్లోకి పరిగెత్తాను.

మావయ్య మంచం మీద పడుకుని ఉన్నారు. నిద్రపోయేవాళ్ళు కళ్ళు అంత గట్టిగా మూసుకోరు.

"మావయ్యా, వాన పడిందా?"

"ఆఁ? ఏమో. నిద్రలో ఉన్నా."

"చొక్కా ఎందుకు తడిసింది?"

"చెమట."

"దండెం మీద పాత దుప్పట్లు రోజూ తడిగా ఉంటున్నాయి, అదీ చెమటేనా?"

"టీ ఒలికితే జాడించుకున్నా. దుప్పటి ఉతుక్కున్నా తప్పేనా ఈ ఇంట్లో?" అని అటు తిరిగి పడుకున్నారు. నేను మళ్ళీ వెనక్కి వెళ్ళి అక్కడున్న బండ ఎక్కి చూద్దామా అనుకున్నాను, ఈలోపు కింద నుంచి యజమాని ఫోను. డబ్బా పట్టుకుని దిగిపోయాను.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను, కోతులొస్తున్నాయని. ట్యాంకు మూత తీసి నీళ్ళాడి, తడి ఒళ్ళు పలకల మీద ఆరబెట్టుకుంటున్నాయి. నీడ పడి కరెంటు పోతోంది, నీళ్ళు కారి గొట్టంలోకి వస్తున్నాయి. రెండు చిక్కులకీ ఒకటే జవాబు. నా తెలివికి నాకే ముచ్చటేసింది. మా ఆయన తల ఊపాడు. మావయ్య మాత్రం లేచి కూర్చున్నారు.

"కోతులే! నేను ఎప్పుడో అనుకున్నా. మొన్న ఒకటి కనపడింది కూడా. ఇంత పెద్దది. ముసలి కోతి."

గుమ్మడికాయల దొంగ అనకుండానే ఈయన భుజాలు తడుముకుంటున్నాడేంటని నాకు ఆ క్షణంలోనే తట్టాల్సింది. తట్టలేదు. ఎలా తడుతుంది? ఆ మనిషి గుమ్మం దాటి వాకిట్లోకి రావడానికే గోడ పట్టుకుంటాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

శనివారం కర్ర పట్టుకుని కోతుల కోసం వచ్చాను. యజమానికి కడుపునొప్పని చెప్పి ఎండ ముదరకముందే గుట్ట ఎక్కి, ఇంటి వెనక బండ చాటున కూర్చున్నాను. అక్కణ్ణుంచి కప్పు మొత్తం కనిపిస్తుంది. పలకలు మిలమిలా మెరుస్తున్నాయి. కోతి లేదు, కాకి కూడా లేదు.

తర్వాత వెనక తలుపు తెరుచుకుంది.

మావయ్య బయటికొచ్చారు. భుజం మీద తడి దుప్పట్లు, చేతిలో బకెట్టు. బకెట్టుకో తాడు కట్టి, తాడు కొస నడుముకి చుట్టుకుని నిచ్చెన మొదటి మెట్టెక్కారు. ఎక్కి ఆగారు. రెండోది ఎక్కారు, నిచ్చెనకి తల ఆనించి కాసేపు ఉన్నారు. మూడోది. పుట్టి బుద్ధెరిగాక నేను అరవాల్సిన చోట అరవకుండా ఉన్నది ఆ ఒక్కసారే. అరిస్తే ఉలిక్కిపడతారు, ఉలిక్కిపడితే పడతారు. కర్ర చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని, చెప్పులు అక్కడే వదిలేసి, కాలే బండ మీద నడుచుకుంటూ వచ్చి నిచ్చెన కాళ్ళు పట్టుకున్నాను.

ఆయన చూడలేదు. పైనుంచి తాడు లాగి బకెట్టు అందుకున్నారు. చేతికందిన పలకల మీద దుప్పట్లు పరిచి, చెంబుతో నీళ్ళు పోస్తున్నారు. మాట్లాడుతున్నారు కూడా.

"ఉండండి, ఉండండి. అయిపోయింది. ఎంత కాలిపోయారమ్మా. ఇదిగో, కాస్త సేద తీరండి."

నీళ్ళు జారి చూరు గొట్టంలో పడి గలగలా నా పక్కనుంచే ట్యాంకులోకి దిగిపోయాయి.

దిగడం ఎక్కడంకన్నా ఆలస్యమైంది. ఆఖరి మెట్టు మీద కాలు నా చేతికి తగిలాక గానీ ఆయనకి తెలియలేదు. నన్ను చూసి, కర్రని చూసి, "కోతి దొరికిందా?" అన్నారు.

నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే తిట్టాను. కాలు జారితే ఏమయ్యేది, మేం సాయంత్రం వచ్చి ఎవరిని చూసుకునేవాళ్ళం, బుద్ధుందా అని, పెద్దా చిన్నా లేకుండా నోటికొచ్చింది అన్నాను. ఆయన ట్యాంకు నీడలో కూర్చుని అంతా విన్నారు.

"వోల్టే చెప్పాడమ్మా" అన్నారు మెల్లగా. "బిగించిన రోజు నేను ఇక్కడే కూర్చుని విన్నా. ఎండ ఎంత ఉన్నా పలకలు చల్లగా ఉండాలి, అప్పుడే కరెంటు బాగా వస్తుందన్నాడు. మరి వాటిని చల్లగా చూసుకునే దిక్కెవరు? మీరిద్దరూ పొద్దున పోతే సాయంత్రం వస్తారు. నేను పొద్దస్తమానం నీడలో కూర్చుంటా. నా ఊపిరి కోసం అవి పైన మాడి చస్తుంటే చూస్తూ కూర్చోమంటావా? నువ్వు నర్సరీలో లేత మొక్కలకి మధ్యాహ్నం తడిగోనె కప్పుతానని చెప్పలేదూ? అదే చేశా, గంటాగి లాగేసేవాణ్ణి. చెప్తే నిచ్చెనెక్కనివ్వరని దాచా, కోతి నీడ వేరు తడిగుడ్డ చలవ వేరనుకున్నా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వోల్టు ఆ మాట అన్నాడు, నాకూ గుర్తుంది. పలకలకీ రేకులకీ మధ్య జానెడు సందు వదలాలి, కింద నుంచి గాలాడి చల్లగా ఉండాలి అని మా ఆయనకి చెప్తున్నాడు. సందు సంగతి మావయ్య చెవిన పడలేదు, చల్లదనం ఒక్కటే పడింది.

"మావయ్యా, అవి మొక్కలు కాదు. వాటికి ఎండే అన్నం. మీరు సరిగ్గా అన్నం వేళకి మూతి మీద దుప్పటి కప్పుతున్నారు. పైగా అన్నీ చేతులు పట్టుకుని నిలబడ్డట్టు వరసగా కలిపి ఉంటాయి. రెండు మూడింటికి ముసుగేస్తే వరసంతా నీరసపడిపోతుంది."

ఆయన పైకి చూశారు. దుప్పటి అంచు గాలికి కదులుతోంది.

"అంటే మిషన్ ఆపింది నేనేనన్నమాట" అన్నారు. "నా పీక నేనే నులుముకున్నా. రేపు నన్ను పంపించేది కూడా నేనే."

ఆ మొహం చూడలేకపోయాను. నేనే నిచ్చెనెక్కి దుప్పట్లు లాగేశాను. మా ఆయన వచ్చాక ఫోన్లో గీత చూస్తే, అవి తీసిన క్షణం నుంచి నిటారుగా లేచింది. ఆ రాత్రి మిషన్ ఆగలేదు. పొద్దున లేచి చూస్తే బ్యాటరీలో ఇంకా మిగిలే ఉంది.

ఆదివారం వదిన పొద్దున్నే గుట్టెక్కి ఆయాసపడుతూ వచ్చింది. నేను ముందే అంతా సర్ది పెట్టుకున్నాను, బట్టలు కాదు, అబద్ధం. కోతుల వల్ల నీడ పడింది వదినా, ముళ్ళకంప కట్టాం, ఇంక భయం లేదు. నిచ్చెన సంగతి తెలిస్తే ఆవిడ క్షణం ఆగదు. ఆవిడ ఇన్వర్టరు చూసింది, సిలిండరు చూసింది, నా కోతుల కథ మొత్తం వింది. నమ్మింది కూడా.

"కోతులు కాదే" అన్నారు మావయ్య. "నేనే."

నేను కళ్ళతో ఎంత సైగ చేసినా ఆగలేదు, మొత్తం చెప్పేశారు. కొడుక్కి ఆ గుణం ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడర్థమైంది.

వదిన మొహం తెల్లబడింది. "నిచ్చెనెక్కావా? ఈ వయసులో, ఈ ఊపిరితో, ఇంట్లో మనిషి లేనప్పుడు?" నా వైపు తిరిగింది. "నువ్వు చూసుకుంటావనే కదా పంపింది? కోతులా? నాతోనే ఆడుకుంటున్నావా?" వెంటనే మావయ్య దగ్గరికి వెళ్ళింది. "ఇంక చాలు. నాన్నా, పద. బట్టలు తర్వాత పంపిస్తారు. ఆ నిచ్చెన మీంచి పడితే ఎత్తడానికి మనిషి లేడు ఇక్కడ."

"నేను పడను."

"అవును, పడవు. గోడ పట్టుకోనిదే గడప దాటలేని మనిషివి, నిచ్చెనెక్కుతావు! ఏదీ, నా కళ్ళ ముందు ఎక్కు చూద్దాం."

ఆవిడ వెటకారానికి అంది. మావయ్య విసురుగా లేచి వెనక తలుపులోంచి వెళ్ళిపోయారు. మేమిద్దరం పరిగెత్తేసరికి మొదటి మెట్టు మీద ఉన్నారు. వదిన ఒకవైపు, నేనొకవైపు నిచ్చెన పట్టుకున్నాం. రెండోది. ఆగారు. మూడోది. "దిగు నాన్నా, నీకు దణ్ణం పెడతా" అంది వదిన. ఆయన అక్కడే తిరిగి, ఒక చెయ్యి మెట్టుకి చుట్టి, రెండో చేత్తో కూతురి మీదికి వేలు చూపించారు.

"నేనేమన్నా అటక మీద దాచుకునే ఇత్తడి బిందెననుకున్నావుటే, కింద పడితే సొట్ట పడుతుందని ఏడవడానికి? నువ్వు సైకిలు నేర్చుకుంటానని నన్ను రోడ్డంతా పరిగెత్తించి చివరికి నా కాలి మీదే ఎక్కించావు, ఆ రోజు నిన్ను మూటగట్టి ఎక్కడికన్నా పంపానా, నీ ఇంట్లో మెత్తటి పరుపు మీద పడేసి, కిటికీలు బిగించి, పూటకో మాత్ర మింగించి, నాన్న బాగున్నాడు నాన్న బాగున్నాడు అని ఊరందరికీ ఫోన్లు చేస్తావు, బాగున్నది నాన్న కాదే, నీ పరుపు!"

వదిన నోరు తెరుచుకుని అలాగే చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు. పాపం, అంత దూరం నుంచి తండ్రి కోసం పరిగెత్తుకొచ్చిన మనిషి, అంత మాట పడాలా అని నాకే బాధేసింది.

"ఏదో కోపంలో అన్నారు వదినా, పట్టించుకోకు" అన్నాను.

"నువ్వుండు" అంది నా చెయ్యి గట్టిగా పట్టుకుని. "మా ఇంట్లో ఉన్నప్పుడు మంచినీళ్ళు ఇవ్వమని అడగడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఇప్పుడెక్కడా ఆగలేదు. విన్నావా నువ్వు? ఎక్కడా ఆగలేదు."

"కింద ఏంటే ఆ గుసగుసలు?" అని పైనుంచి అరిచారు మావయ్య.

వదిన చెంగుతో ముక్కు తుడుచుకుని, నిచ్చెన వదలకుండానే తల పైకెత్తింది.

"ఏం లేదు నాన్నా. నాకు సరిగ్గా వినపడలేదు. మళ్ళీ మొదట్నుంచి తిట్టు."